తీసేశారు కానీ దిద్దలేదు

2011. సిద్దిపేటలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో నేను సబ్ ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. మా ఆఫీసు పాత బస్టాండు వైపు, ఒక ఎరువుల దుకాణం పై అంతస్తులో ఉండేది. ఏ కాలమైనా యూరియా వాసన మెట్ల మీదుగా పైకి వచ్చేది. తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెలో ఉన్న రోజులవి. బస్సులు డిపో దాటడం లేదు, బడులకు తాళాలు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మాకు మాత్రం సమ్మె లేదు. రాస్తారోకోలు, ర్యాలీలు, దీక్షలు, అరెస్టులు రోజూ పేజీలకు పట్టనంతగా వచ్చిపడేవి. అలిసిపోయామని అనుకోవడానికి కూడా తీరిక ఉండేది కాదు.

సబ్ ఎడిటర్ అంటే పత్రికలో పేరు కనిపించని మనిషి. విలేకరి పంపిన వార్త చదివి, తప్పులు దిద్ది, అనుమానం వచ్చిన చోట ఫోన్ చేసి అడిగి, శీర్షిక పెట్టి పేజీలో కూర్చడం మా పని. మేము దిద్దింది డెస్క్ ఇన్‌చార్జి నర్సింగరావు గారు చూసేవారు. ఆ తర్వాత పేజీని ప్రింటు తీసి మరొకరు చదివేవారు. ఇన్ని కళ్లు దాటినా తప్పులు పోయేవి. సర్పంచ్ భార్య పేరు ఆయన చెల్లెలి పేరు అయ్యేది. సంతాప ప్రకటనలో, పోయినాయన ఫొటో ఉండాల్సిన చోట ఆయనకు దండ వేసిన కొడుకు ఫొటో వచ్చేది. అలా ఒక కొడుకు మర్నాడు పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, “నన్ను సంపిన్రు గదా సార్” అని నవ్వాలో ఏడవాలో తెలియకుండా నిలబడ్డాడు.

అలాంటప్పుడు నర్సింగరావు గారిది ఒకటే మాట. “ఏ పేజీల తప్పు పోయిందో ఆ పేజీలనే సవరణ పోవాలె. ఏం తప్పు రాసినమో చెప్పాలె, ఏది నిజమో చెప్పాలె. గుండ్రంగ తిప్పొద్దు.” సవరణ అని చిన్న గడిలో రెండు మూడు వాక్యాలు వేసేవాళ్లం. మనుషులు దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకునేవారు. అడిగినవాళ్లకు తీసి చూపించేవారు. అంతటితో గొడవ తీరిపోయేది.

అప్పటికి మా పత్రికకు వెబ్‌సైటు వచ్చి కొంతకాలమే అయింది. హైదరాబాద్ ఆఫీసులో ఒక గదిలో కొందరు యువకులు దాన్ని నడిపేవారు. వెబ్ డెస్క్ అనేవాళ్లం. జిల్లాల నుంచి వచ్చే ఫొటోలు, వార్తలు అన్నీ ఒకే సర్వర్‌లో పడేవి. మేము వాటిని సాయంత్రం దాకా అటూ ఇటూ తిప్పి చూసేవాళ్లం. వాళ్లు పడినవి పడ్డట్టే తీసుకుని, ఒక శీర్షిక తగిలించి పెట్టేసేవారు. తొందరగా పెట్టడమే వాళ్ల పని. వాళ్లను ఎవరూ నెమ్మదిగా చేయమనలేదు. సిద్దిపేటలో నెట్ చూసేవాళ్లు అప్పట్లో తక్కువే. కానీ దుబాయిలో, మస్కట్‌లో కూలికి పోయిన మనవాళ్లు ఊరి వార్తల కోసం ఆ సైటు మీదే బతికేవారు. ఈ సంగతి మాకు తెలుసు. దాని బరువు ఎంతో మాత్రం తెలియదు.

ఒక బంద్ రోజు. ఊరి బయట రాజీవ్ రహదారి మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగించి, అక్కడే వండి, అక్కడే అందరూ కలిసి తిని నిరసన తెలపడం అన్నమాట. మా ఫొటోలు తీసే రమేశ్ బండి మీద ఊరంతా తిరిగి, మధ్యాహ్నానికి ముందే కొన్ని ఫొటోలు పంపించాడు. వాటితో పాటు క్యాప్షన్లు పంపలేదు. క్యాప్షన్ అంటే ఫొటో కింద రాసే వివరం. ‘వివరాలు తర్వాత చెప్తా’ అని ఒక ముక్క మాత్రం పెట్టి, మళ్లీ రోడ్డు మీదికి పోయాడు. నెట్ దొరికినప్పుడే ఫొటోలు పంపాలి, లేకపోతే అవీ రావు. అతన్ని నేను తప్పుపట్టను.

వాటిలో ఒక ఫొటోలో సగం తెరిచిన షట్టర్, దాని ముందు ట్రాలీ ఆటో, ఆటోలోకి పెద్ద అల్యూమినియం గిన్నె ఎత్తుతున్న తెల్ల గడ్డం మనిషి ఉన్నారు. షట్టర్ పైన టెంట్ హౌస్ బోర్డు, దాని మీద ఫోన్ నంబరు. ఫైలుకు రమేశ్ పెట్టుకున్న పేరు ‘షాప్ ఓపెన్’. తనకు గుర్తు ఉండడానికి పెట్టుకున్న పేరది.

మధ్యాహ్నం దాటాక నేను ఆ ఫొటో చూసి, బోర్డు మీది నంబరుకు ఫోన్ చేశాను. ఒక ఆడమనిషి ఎత్తింది. షాపు ఎందుకు తెరిచారని అడిగాను.

“బంద్‌ల షాపెవరు తెరుస్తరమ్మా? రోడ్డు మీద వంటలు చేస్తున్నరు గదా, గిన్నెలు, గంటెలు గావాల్నంటే మా ఆయన తీస్కపోయిండు. కిరాయి గూడ లేదు. పొద్దుగాల్నే పోయిండు, ఇంకా రాలే” అంది.

ఆయన పేరు అడిగి, అదే రాశాను. ‘రాజీవ్ రహదారిపై వంటావార్పుకు గిన్నెలు తరలిస్తున్న టెంట్ హౌస్ యజమాని యూసుఫ్’. మర్నాడు జిల్లా పేజీలో చిన్న ఫొటోగా వచ్చింది. నేను మర్చిపోయాను.

కొన్ని రోజుల తర్వాత ఆ తెల్ల గడ్డం మనిషి మా మెట్లెక్కి వచ్చాడు. యాభై దాటి ఉంటాడు. తెల్లటి లాల్చీ, భుజం మీద గళ్ల రుమాలు. చేతిలో ఒక కాగితం. అంచుల్లో జిగురు పీకిన మరకలు, ఒక మూల చిరిగి ఉంది. నా టేబుల్ మీద పరిచాడు. మా వెబ్‌సైటు పేజీ ప్రింటు అది. అదే ఫొటో. పైన శీర్షిక: ‘సిద్దిపేటలో బంద్‌కు తూట్లు.. యథేచ్ఛగా వ్యాపారం’.

“గిది మీదేనా మేడం?” అన్నాడు.

మాదేనన్నాను.

“పేపర్ల మంచిగనే రాసిన్రు. మా ఆమె మీకు ఫోన్ల చెప్పిందట, సూసిన. మరి గీడ గిట్లెందుకు రాసిన్రు? పిల్లలెవరో నెట్ సెంటర్ల తీసి, నా షట్టర్ మీద అతికిచ్చిన్రు. పొద్దుగాల షాపు తియ్యవోతే గిది కనవడ్డది.”

నాకు వెంటనే అర్థమైంది. రమేశ్ ఫొటోలు సర్వర్‌లో పడ్డ కాసేపటికే వెబ్ డెస్కులో ఎవరో ఫైలు పేరు చూసి వార్త అల్లేశారు. ఎవరికీ ఫోన్ చేయలేదు. బోర్డు మీద నంబరు ఎంత పెద్దగా ఉన్నా చూడలేదు.

ఆయన ఎదురుగానే హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. వెబ్ డెస్క్ బాధ్యుడు శ్రీధర్ మాట్లాడాడు. మర్యాదగా విన్నాడు. “సారీ మేడం, ఇప్పుడే తీసేస్తాను” అన్నాడు. ఫోన్ పెట్టేలోపే తీసేశాడు కూడా. నా కంప్యూటర్‌లో చూశాను. పేజీ లేదు.

“అయిపోయింది భాయ్, తీసేసిన్రు” అన్నాను.

యూసుఫ్ స్క్రీన్ వైపు కాసేపు చూశాడు. “తప్పని రాసిన్రా?”

“రాయలేదు. మొత్తానికే తీసేసిన్రు. ఇంకెవ్వరికీ కనవడది.”

ఆయన తల ఊపాడు కానీ ఒప్పుకున్నట్టు లేదు. కాగితం మడిచి లాల్చీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. పని అయిపోయిందనే నేను అనుకున్నాను. పేపర్లో తప్పు పోతే దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు, ఊరంతా పంచి ఉంటుంది. ఇక్కడ ఒక్క నొక్కుతో మాయమైంది. ఇది మరీ సులువుగా ఉందే అనుకున్నట్టు గుర్తు.

మరుసటి వారం ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి కుర్చీలో కూలబడ్డాడు. నీళ్లిస్తే తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకున్నాడు.

“చెల్లె, షామియానా వాపస్ తెచ్చిన్రు” అన్నాడు.

ముస్తాబాద్ చౌరస్తా వైపు రిలే దీక్షల శిబిరం ఒకటి ఎప్పటినుంచో నడుస్తోంది. రోజుకు కొందరు వంతులవారీగా కూర్చునేవారు. మొదటి రోజు నుంచి ఆ షామియానా, పరుపులు, కుర్చీలు యూసుఫ్‌వే. వానకు తడిస్తే ఆయనే మార్చేవాడు, చిరిగితే ఆయనే కుట్టించేవాడు. సాయంత్రం నమాజు అయ్యాక అక్కడికి వెళ్లి ఒక మూల కూర్చుని ప్రసంగాలు వినేవాడు. ఆ షామియానాను విప్పి, మడిచి, ఆయన షాపు ముందు పెట్టి వెళ్లిపోయారట. ఎవరూ ఒక్క మాట అనలేదట.

“మాటన్నా అంటే జవాబు చెప్తుంటి. అన్లే.”

“మన పేపర్ల సరిగనే వచ్చింది గద భాయ్. చూపియ్యకపోయిన్రా?”

“సూపిచ్చిన. ఏమన్నరో తెల్సా? పేపర్ల నీకు తెల్సినోళ్లున్నరు, గందుకే మంచిగ రాపిచ్చుకున్నవు, అసలు ముచ్చట నెట్ల వచ్చింది అంటున్నరు. ఇగ మీరు దాన్ని తీసేసినంక ఇంకో మాట వెట్టిన్రు. పైసలిచ్చి తీయించుకున్నడంట.”

నేను ఆయన ముఖం చూడలేకపోయాను. తప్పును తీసేశామనుకుంటే, మేము తీసేసింది ఆయన తరఫున మాట్లాడడానికి ఉన్న ఒకే ఒక్క జాగను. లేని పేజీ ఏమీ చెప్పదు. దాని బదులు జనం చెప్పుకుంటారు.

ఆయన చెప్పాల్సింది ఇంకా ఉంది. తమ్ముడు ఖలీల్ దుబాయిలో ఉంటాడు. లేబర్ క్యాంపులో అతని గది నిండా మన వైపువాళ్లే. సిద్దిపేట, దుబ్బాక, సిరిసిల్ల. పని నుంచి వచ్చాక ఒకరి ఫోన్లో అందరూ కలిసి ఊరి వార్తలు చదువుతారు. ఆ వార్త కూడా అలాగే చదివారు. బోర్డు మీది పేరు చూసి, “గిది మీ అన్న షాపే గదా” అన్నారు. ఆ రోజు నుంచి ఖలీల్‌తో కలిసి తినడం మానేశారు. అన్నం గిన్నె అతనికి విడిగా పెడుతున్నారు.

“ఫోన్ల ఏడ్సిండు చెల్లె. పెండ్లాం పిల్లల్ని ఇడిసి ఆడ ఎండల పన్జేస్తుండు, ఏనాడు ఏడ్వలే. నువ్వు నిజంగ వ్యాపారం జేసినవా అన్నా అని నన్ను అడిగిండు. నా తమ్ముడు నన్ను అడిగిండు.”

ఇంకొకటి అడిగాడు. “గది రాసినోడు ఆంధ్రాయననా?”

ఆ రోజుల్లో ఎవరైనా అడిగే ప్రశ్నే అది. అవునంటే ఆయనకు కొంత తేలికయ్యేదేమో. ఎవడో పనిగట్టుకుని చేశాడనుకుంటే కోపానికి ఒక చోటు దొరుకుతుంది.

“కాదు భాయ్. ఆ డెస్కుల ఉన్నోళ్లంత మనోళ్లే. నడిపేటాయనది నల్లగొండ. మీ మీద పగతోటి రాయలె. తొందరల రాసిన్రు, అంతే.”

“అంతేనా” అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఉన్న అలసట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నర్సింగరావు గారి దగ్గరికి వెళ్లి జిల్లా పేజీలో సవరణ వేద్దామన్నాను. ఆయన నిబంధన తెలిసిన మనిషి. ఇప్పుడు ఆ నిబంధనే అడ్డం పడింది.

“మన పేజీల తప్పు పోలేదమ్మా. మనం సరిగనే వేసినం. వేయని తప్పుకు సవరణ ఎట్ల వేస్తం? వేస్తే, మనమే తప్పు వేసినమని ఒప్పుకున్నట్టయితది. వెబ్ వాళ్లను అడుగు.”

వెబ్ వాళ్లను అడిగాను. శ్రీధర్ ఆశ్చర్యపోయాడు.

“తీసేశాం కదా మేడం. అక్కడ పేజీయే లేదు. లేని పేజీకి సవరణ ఎక్కడ పెట్టమంటారు?”

ఇలా వారం పైగా నడిచింది. నేను ఇక్కడ అడిగితే అక్కడ అడగమంటారు, అక్కడ అడిగితే అవసరమే లేదంటారు. మధ్యలో రోజూ నింపాల్సిన పేజీలు, పోయే కరెంటు, ఇన్వర్టర్ కూత. ఎవరూ చెడ్డవాళ్లు కారు. యూసుఫ్‌కు అన్యాయం జరిగిందని అందరూ ఒప్పుకునేవారు. కానీ దాన్ని రాసే బాధ్యత ఎవరిదీ కాదు. ఇంటికి వెళ్తున్నప్పుడు కూడా ఆ సంగతే బుర్రలో తిరిగేది. ఇక వదిలేద్దామా అని ఒకటి రెండుసార్లు అనిపించింది కూడా.

అప్పుడు నర్సింగరావు గారే ఒక దారి చూపారు. “ఆయన మీద మంచి కథనం చేద్దాం. ఉద్యమానికి ఉచితంగ గిన్నెలు, షామియానాలు ఇచ్చే టెంట్ హౌస్ ఆయన. ఫొటో పెద్దగ వేద్దాం. పేరు నిలవడతది, మనకూ మంచి వార్త.”

నాకు నచ్చింది. ఉత్సాహంగా యూసుఫ్ షాపుకు వెళ్లాను. షాపు లోపల సగం చీకటి. ఒక పక్కన ఒకదాంట్లో ఒకటి దొంతర పెట్టిన గిన్నెలు, ఇంకో పక్క తిరిగొచ్చిన షామియానా. దాని మడతల్లో శిబిరం దగ్గరి ఎర్రమట్టి ఇంకా ఉంది. ఆయన భార్య ఫాతిమా చాయ్ తెచ్చింది. సంగతి చెప్పాను. ఫాతిమా ముఖం విచ్చుకుంది. యూసుఫ్ మాత్రం చాయ్ కప్పు కింద పెట్టాడు.

“వద్దు చెల్లె.”

“ఎందుకు భాయ్? అందరికీ నిజం తెలుస్తది గద.”

“నేను దానం జేసిన్నని రాయమని నేనడిగిన్నా? ఉద్యమానికి ఇచ్చింది ఉద్యమానికే ఇచ్చిన. దాన్ని పేపర్ల ఏపిచ్చుకుంటే ఇగ నేనిచ్చినట్టేముంటది? పైసలిచ్చి నెట్ల తీయించుకున్నడు, ఇప్పుడు పేపర్ల రాపిచ్చుకున్నడు అంటరు. మీరు నన్ను మెచ్చుకోవద్దు. మీరు రాసింది తప్పని రాయిన్రి. అంతే నాకు గావాల్సింది. గదొక్కటి రాయనీకి మీకు మనసొస్తలేదు.”

ఫాతిమా కల్పించుకుంది. “మేడం మంచికే చెప్తుంది గదా, రాయనీయ్.”

“మంచికే చెప్తుంది. నాకు తెల్సు” అన్నాడు ఆయన. నా వైపు చూసి, “చాయ్ తాగు చెల్లె, సల్లారుతది” అన్నాడు.

ఆ చాయ్ తాగడం నాకు చాలా కష్టమైంది. అప్పటికి ఎన్నో ఏళ్లుగా వార్తలు దిద్దుతున్నాను. తప్పు చేసిన పత్రిక ఒక మనిషిని ఎంతైనా పొగడగలదు కానీ, పొరపాటు జరిగిందని రెండు వాక్యాలు రాయకుండా తప్పించుకోవడానికి ఎన్ని మెట్లయినా ఎక్కి దిగుతుందని ఆ షాపులో కూర్చున్నప్పుడే నాకు తెలిసింది.

షాపులోంచే శ్రీధర్‌కు ఫోన్ చేశాను. పోయిన పేజీని అదే అడ్రసులో మళ్లీ పెట్టమన్నాను.

“తప్పు వార్తను మళ్లీ పెట్టాలా మేడం?”

“తప్పు వార్త కాదు. అదే ఫొటో, సరైన క్యాప్షన్. కింద, మేము ముందు రాసింది తప్పు, ఈయన వ్యాపారం చేయలేదు, వంటావార్పుకు గిన్నెలు తీసుకెళ్లారు అని నోట్. పాత లింకు నొక్కినవాళ్లకు ఇదే కనిపించాలి.”

“అలా ఎప్పుడూ చేయలేదు. తప్పని రాసి పెడితే రేపు లాయర్ నోటీసు వస్తే మా మీదికి వస్తుంది. పైవాళ్లు ఒప్పుకోరు మేడం.”

యూసుఫ్ చేయి చాచాడు. ఫోన్ ఇచ్చాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

“బాబూ, నేనే ఆ టెంట్ హౌస్ యూసుఫ్‌ని. నేను నోటీసు ఇయ్య. కోర్టుకు పోను. నాకు గంత ఓపిక లేదు. నా తమ్ముడు దుబాయిల ఉన్నడు. మీ దాంట్ల ఆ లింకు కొట్టి సూస్తే పేజీ లేదంటదట. పేజీ లేదంటే వాళ్లకు ఏం సమజైతది? అన్న తీయించుకున్నడని సమజైతది. నా తమ్మునికి సూపెట్టనీకి ఒకటి గావాలె. నువ్వు రాసినవు గాబట్టి నువ్వే రాయాలె. ఇంకొకలు రాస్తే నమ్మరు.”

తర్వాత శ్రీధర్ ఏదో అడిగాడు. యూసుఫ్ తన పూర్తి పేరు, తండ్రి పేరు చెప్పాడు. ‘యూసుఫ్’లో దీర్ఘం ఎక్కడో కూడా చెప్పాడు. ఫోన్ నాకు తిరిగి ఇచ్చాడు.

“రాస్తాను మేడం” అన్నాడు శ్రీధర్. “ఆ వార్త నేనే పెట్టాను. ఎవరో కాదు. మీకు చెప్పలేదు.”

పైవాళ్లను ఎలా ఒప్పించాడో నేను అడగలేదు. మరునాటి మధ్యాహ్నానికి పేజీ తిరిగి వచ్చింది. ఫొటో, సరైన వివరం, కింద నోట్. నోట్‌లో ‘చింతిస్తున్నాం’ అన్న మాట లేదు. ‘ఈ ఫొటోకు ముందు ఇచ్చిన శీర్షిక, వార్త రెండూ తప్పు. సంబంధిత వ్యక్తిని అడగకుండా ప్రచురించాం’ అని ఉంది. ఆ రెండో వాక్యం నేను అడిగింది కాదు. అతనే రాశాడు. దాన్ని మా ఆఫీసులో ప్రింటు తీసి యూసుఫ్‌కు ఇచ్చాను. ఆయన నిలబడే చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. నా రెండు చేతులూ పట్టుకుని వెంటనే వదిలేశాడు.

అన్నీ సర్దుకున్నాయని రాయాలని నాకూ ఉంది. కొన్ని సర్దుకున్నాయి. దుబాయిలో ఖలీల్ ఆ పేజీని గదిలో అందరికీ చూపించాడు. చాలామంది ఆ పూటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారట. ఒకతను మాత్రం, “ఇప్పుడు రాస్తే ఏంది, అప్పుడే రాయాల్సింది” అని మొహం తిప్పుకున్నాడట. శిబిరం నడిపే సత్తయ్య సార్, గవర్నమెంటు బడి టీచరు, నోట్ చదివి స్వయంగా షాపుకు వచ్చాడు. “మేం అడగకపాయె, మాది గూడ తప్పే యూసుఫ్ భాయ్” అని షామియానా మళ్లీ కావాలన్నాడు. యూసుఫ్ ఇచ్చాడు. మనుషుల్ని పెట్టి కట్టించాడు. కానీ సాయంత్రాలు అక్కడికి వెళ్లి కూర్చోవడం మాత్రం మానేశాడు. ఎందుకని ఫాతిమాను అడిగితే, “ఆడ కూసుంటే అందరు తన దిక్కే సూస్తున్నట్టు అనిపిస్తదంట” అంది.

ఇంకొకటి నా చేతుల్లో లేకుండా పోయింది. మేము పేజీ తీసేయకముందే ఎవరో ఆ తప్పు వార్తను తమ బ్లాగులో ఫొటోతో సహా పెట్టుకున్నారు. దాని యజమాని ఎవరో తెలియదు. రాసిన మెయిళ్లకు జవాబు రాలేదు. తర్వాత కొన్నేళ్లకు మా వెబ్‌సైటును కొత్తగా మార్చినప్పుడు పాత పేజీలన్నీ పోయాయి. శ్రీధర్ రాసిన సవరణ కూడా పోయింది. బ్లాగు మాత్రం ఉంది. షాపు పేరు కొట్టి వెతికితే చాలాకాలం అదే మొదట వచ్చేది.

రాష్ట్రం వచ్చాక నన్ను హైదరాబాద్‌కు, అదీ వెబ్ డెస్క్‌కే మార్చారు. అక్కడ పనిచేసినన్నాళ్లూ ఒక పద్ధతి కోసం పోరాడాను. తప్పు వార్తను తీసేయకూడదు. దిద్దాలి. ఏం దిద్దామో కింద రాయాలి. పేపర్లో తప్పు పోతే అది అందరి ఇళ్లలో ఉంటుంది కాబట్టి దాచలేం, అందుకే సవరణ వేస్తాం. వెబ్‌లో దాచడం చేతనవుతుంది కాబట్టి దాచేస్తాం. నిజాయతీలో ప్రింటువాళ్లం గొప్పవాళ్లమేమీ కాదు, మాకు తప్పించుకునే వీలు లేదు, అంతే. ఈ మాట కొత్తగా చేరిన పిల్లలకు చెప్పేదాన్ని. వాళ్లు వినేవారు. తలూపేవారు. పెద్ద వార్త ఏదైనా వచ్చిన రోజు మళ్లీ మామూలే. చడీచప్పుడు లేకుండా ఒక శీర్షిక మారిపోయేది, ఒక పేజీ మాయమయ్యేది. నేను పట్టుకున్నవాటికి నోట్ పెట్టించేదాన్ని. పట్టుకోలేనివి ఎన్నో నాకు తెలియదు. ఆ ఒక్కో పేజీ వెనక ఎవరి అన్నం గిన్నె విడిగా పెట్టారో కూడా తెలియదు.

ఒకసారి సిద్దిపేట వచ్చినప్పుడు యూసుఫ్ భాయ్‌ని చూడడానికి వెళ్లాను. పెళ్లిళ్ల రోజులు. షాపు ముందు కుర్చీలు కడుగుతున్నారు. ఆయన నన్ను కూర్చోబెట్టి, నేనిప్పుడు ఏ పని చేస్తున్నానో వివరంగా అడిగాడు. చెప్పాను.

“ఇప్పుడు గూడ గట్లనేనా చెల్లె? ముందుగాల ఏసి, తర్వాత అడుగుతరా?”

అబద్ధం చెప్పాలనిపించలేదు.

“ఇప్పుడు ఇంకా జల్దీ ఏస్తున్నం భాయ్.”

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

“మరి నువ్వు ఆడ ఏం జేస్తున్నవ్?” అన్నాడు.

“అడుగుతున్న” అన్నాను.

“గదన్నా చెయ్యి” అన్నాడాయన, కడిగిన కుర్చీలు ఎండలోకి జరుపుతూ.